గార్డెన్ రూట్‌లో తొలి సెల్ఫ్ డ్రైవ్: తరచుగా అడిగే ప్రశ్నలు

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నుంచి తూర్పుగా, హిందూ మహాసముద్రం ఒడ్డు పక్కన సాగే ఎన్-2 రహదారి మీద కుటుంబంతో వెళ్లి, సొంతంగా కారు నడుపుకోవాలనుకునే వారికోసం ఈ పేజీ. ఇండియాలో నాలుగైదేళ్లు కారు నడిపిన అనుభవం ఉండి, విదేశంలో ఎప్పుడూ స్టీరింగ్ పట్టనివారిని దృష్టిలో పెట్టుకుని రాశాం.

గార్డెన్ రూట్ అంటే సరిగ్గా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?

మోసెల్ బే నుంచి స్టార్మ్స్ రివర్ దాకా, సుమారు 200 కిలోమీటర్లు. ఒకవైపు సముద్రం, మరోవైపు అవుటెనిక్వా, సిట్సికామా కొండలు. మధ్యలో జార్జ్, విల్డర్‌నెస్, నైస్నా, ప్లెటెన్‌బర్గ్ బే వస్తాయి. చాలామంది కేప్‌టౌన్‌లో దిగి అక్కడే కారు తీసుకుంటారు. అక్కడి నుంచి మోసెల్ బే సుమారు 390 కిలోమీటర్లు. స్టార్మ్స్ రివర్‌కు ఇంకా తూర్పున, ఈ ప్రయాణం కొసన ఉన్న పోర్ట్ ఎలిజబెత్‌కు 2021లో గెబెర్హా అని పేరు మార్చారు. హోటల్ బుకింగుల్లో, జీపీఎస్‌లో రెండు పేర్లూ కనిపిస్తాయి. రెండూ ఒకే ఊరు. విమాన టికెట్ల మీద దాని కోడ్ ఇప్పటికీ పాత పేరు మీదే, పీ-ఎల్-జెడ్ అని ఉంటుంది.

విదేశంలో మొదటిసారి నడపడానికి ఈ దారి మంచిదేనా?

మంచిదే. అక్కడ కూడా మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు, స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. బోర్డులు ఇంగ్లిష్‌లో, దూరాలు కిలోమీటర్లలో ఉంటాయి. ప్రధాన రోడ్డంతా తారు రోడ్డే. ఈ తీరంలో మలేరియా లేదు, పిల్లలకు మాత్రలు వేయాల్సిన పని ఉండదు.

అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. అన్నీ మన ఊరిలాగే అనిపించేసరికి మన ఊరి అలవాట్లు కూడా బయటికొస్తాయి. యూరప్‌లో కుడివైపు నడపాల్సి వచ్చినప్పుడు ఎవరైనా ఒళ్లు దగ్గరపెట్టుకుంటారు. ఇక్కడ మొదటి గంటలోనే ధీమా వస్తుంది. ఫ్రీ లెఫ్ట్ తీసుకోవడం, ఎదురుగా బండి వస్తున్నా ఓవర్‌టేక్ చేసేయడం, చీకటి పడ్డాక ఇంకో వంద కిలోమీటర్లు లాగించేయడం: ఈ మూడు అలవాట్లనూ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వదిలేసి రావాలి.

ఏ నెలలో వెళ్లాలి?

అక్కడి ఋతువులు మనకు తలకిందులు. డిసెంబర్, జనవరి నడి వేసవి. ఎండ బాగుంటుంది, డిసెంబర్‌లో రాత్రి 7:40 దాకా వెలుతురు ఉంటుంది. కానీ డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా అక్కడి బడులకు సెలవులు కాబట్టి గదుల ధరలు మండిపోతాయి, నైస్నా ఊళ్లో ట్రాఫిక్ ఆగిపోతుంది. సంక్రాంతి సెలవులకే వెళ్లాలంటే గదులు ఆరు నెలల ముందు పట్టుకోవాలి.

మా సలహా దసరా సెలవులు. అక్టోబర్‌లో అక్కడ వసంతం, జార్జ్ దగ్గర 6:40 ప్రాంతంలో సూర్యాస్తమయం, కేప్‌టౌన్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని హెర్మానస్ ఊరి ఒడ్డున నిలబడితే తిమింగలాలు కూడా కనిపిస్తాయి. సదరన్ రైట్ జాతి తిమింగలాలు జూన్ నుంచి నవంబర్ దాకా ఆ తీరానికి ఈనడానికి వస్తాయి. ఇక మన వేసవి సెలవులు, అంటే ఏప్రిల్, మే నెలలు, అక్కడ శరదృతువు. పగటిపూట హాయిగా ఉంటుంది, జనం తక్కువ. మే నెలలో మాత్రం సాయంత్రం 5:40కే చీకటి పడుతుంది, దాన్నిబట్టి ఆ రోజు ప్రయాణం కుదించుకోవాలి.

ఇంకో విషయం. కేప్‌టౌన్‌లో వాన చలికాలంలోనే ఎక్కువ, నైస్నా, సిట్సికామా వైపు మాత్రం ఏడాది పొడవునా అప్పుడప్పుడు పడుతూనే ఉంటుంది. అడవులు అంత పచ్చగా ఉండేది అందుకే. ఏ నెలలో వెళ్లినా ఒక పల్చటి రెయిన్ జాకెట్ బ్యాగులో వేసుకోండి.

ఇండియా లైసెన్స్ చెల్లుతుందా? ఇంటర్నేషనల్ పర్మిట్ కావాలా?

ఫొటో, సంతకం ఉండి ఇంగ్లిష్‌లో ముద్రించిన విదేశీ లైసెన్స్‌ను అక్కడి చట్టం ఒప్పుకుంటుంది. మన కార్డుల మీద వివరాలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. అయినా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోమనే చెబుతాం. అద్దె కంపెనీ కౌంటర్‌లో గానీ ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ దగ్గర గానీ వాదించే అవసరం రాకుండా ఉంటుంది. మీ ఆర్టీఏ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి, ఫీజు 1,000 రూపాయలు, చెల్లుబాటు ఒక ఏడాది. పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు, అసలు లైసెన్స్ కార్డు కూడా జేబులో ఉండాలి. డిజిలాకర్‌లో ఉన్న కాపీని నమ్ముకుని వెళ్లొద్దు.

వీసా బయలుదేరే ముందే తీసుకోవాలి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 30 రోజులు చెల్లుబాటు ఉండాలి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్లేవారు ఆగే సమయం 12 గంటలు దాటకుండా చూసుకోండి. దాటితే దక్షిణాఫ్రికాలో ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. తిరుగు ప్రయాణంలో అదే దారిన వస్తూ విమానాశ్రయం బయట అడుగుపెడితే మన దేశంలోనూ అడుగుతారు. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఈ తలనొప్పి లేదు.

కారు అద్దెకు డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డు సరిపోతాయా?

డిపాజిట్‌కు సరిపోవు అనుకునే వెళ్లండి. నడిపే మనిషి పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. భర్త నడుపుతూ భార్య కార్డు ఇస్తే కౌంటర్‌లో ఒప్పుకోరు. కంపెనీ కొంత మొత్తాన్ని కార్డు మీద బ్లాక్ చేస్తుంది. ఇన్సూరెన్స్ తక్కువ తీసుకుంటే ఆ మొత్తం బాగా పెరుగుతుంది. అందుకే బుక్ చేసేటప్పుడే డిపాజిట్ ఎంతో చూసి, అంత లిమిట్ ఖాళీగా ఉంచండి.

మన బ్యాంకులు కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలను ఆపేసి ఇస్తాయి. బయలుదేరే ముందే యాప్‌లో ఆ మీట నొక్కి, పిన్ గుర్తుందో లేదో ఇక్కడే ఏదైనా దుకాణంలో వాడి చూడండి. కౌంటర్ ముందు ఎక్కువమందిని ఆపేసేది సరిగ్గా ఇదే.

ఏ కారు తీసుకోవాలి?

ఇద్దరికైతే హ్యాచ్‌బ్యాక్ చాలు. నలుగురు, నాలుగు పెద్ద సూట్‌కేసులు అయితే చిన్న ఎస్‌యూవీ కూడా చాలదు. సామాను మొత్తం డిక్కీలో పట్టి, బయటికి కనపడకుండా ఉండటం అక్కడ సౌకర్యం కంటే భద్రతకు సంబంధించిన విషయం. కాబట్టి కారు సైజును సీట్లతో కాకుండా డిక్కీతో కొలవండి, లేదా సూట్‌కేసులు తగ్గించండి.

ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు. గేర్లు ఉన్న కారే చవక. ఇంట్లో ఆటోమేటిక్‌కు అలవాటు పడినవారు కొంచెం ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోండి, కొత్త చోట క్లచ్‌తో కుస్తీ వద్దు. అక్కడి రోడ్ల మీద స్విఫ్ట్, ఐ10 లాంటి మనకు తెలిసిన కార్లే కనిపిస్తాయి. మన పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సోనెట్ కూడా అక్కడ అమ్ముతారు. కొన్ని మోడళ్లలో ఇండికేటర్ ఎడమచేతి వైపు, వైపర్ కుడిచేతి వైపు ఉంటాయి. పార్కింగ్‌లోనే ఐదు నిమిషాలు రెండూ వేసి చూసుకోండి.

ఇన్సూరెన్స్‌లో ఏం చూడాలి?

ఒకే మాట: ఎక్సెస్. అంటే ప్రమాదం జరిగితే మీ జేబులోంచి కట్టాల్సిన భాగం. వేవర్ అంటే ఆ భాగాన్ని తగ్గించే కవర్. మామూలు వేవర్‌లో ఇది చాలా పెద్ద మొత్తం, సూపర్ వేవర్‌లో సున్నాకు దగ్గరగా ఉంటుంది. తొలిసారి నడిపేవారు సూపర్ తీసుకోవాలి, దీన్లో పొదుపు చూడొద్దు.

అది తీసుకున్నా కొన్ని మినహాయింపులు ఉంటాయి. టైర్లు, ముందు అద్దం, కారు కింది భాగం చాలా ఒప్పందాల్లో విడిగా ఉంటాయి. ఆ దారిలో ఎక్కువగా దెబ్బతినేవి అవే. లారీ చక్రం కింద నుంచి ఎగిరిన గులకరాయి అద్దానికి తగిలితే గోరంత గుంట పడుతుంది, మర్నాటికి ఎండకు అది జానెడు చీలిక అవుతుంది. ‘టైర్లు, అద్దాలు కలిపి’ అని ఒప్పందంలో రాసి ఉందో లేదో చదవండి. ఒప్పందంలో పేరు లేని మనిషి నడుపుతున్నప్పుడు ప్రమాదం జరిగితే ఏ వేవరూ పనిచేయదు, ఇద్దరు నడిపేట్టయితే రెండో పేరు కూడా రాయించండి.

కారు చేతికిచ్చినప్పుడు ఏం చూసుకోవాలి?

వెలుతురులో చూడండి. బేస్‌మెంట్‌లో ఇస్తే ఫోన్ టార్చ్ వేసి, నాలుగు వైపులా ఆగకుండా ఒక వీడియో తీయండి. అలాయ్ వీల్స్ అంచులు, ముందు బంపర్ కింది భాగం, అద్దం మీద గుంటలు, పైకప్పు. ఉన్న ప్రతి గీతా వాళ్ల ఫారంలో రాయించి సంతకం పెట్టించుకోవాలి. తర్వాత డిక్కీ తెరిచి స్టెప్నీ చూడండి. గాలి ఉందా, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయా? చక్రాలకు లాక్ నట్ ఉంటే దాని తాళం ఎక్కడుందో అడగండి. అది లేకపోతే స్టెప్నీ ఉన్నా లేనట్టే. పెట్రోలా డీజిలా అన్నది మూత లోపల రాసి ఉంటుంది, దానికి కూడా ఒక ఫొటో.

విమానం దిగిన వెంటనే నడపవచ్చా?

రాత్రంతా ప్రయాణం చేసి దిగితే వద్దు. మనకూ వాళ్లకూ సమయంలో తేడా మూడున్నర గంటలే గానీ నిద్రలేమి తేడా చాలా ఎక్కువ. కేప్‌టౌన్‌లో మొదటి రెండు రోజులు క్యాబ్‌లతో తిరిగి, ఊరు వదిలే రోజు ఉదయం కారు తీసుకుంటే అద్దె కూడా మిగులుతుంది.

విమానాశ్రయంలోనే తీసుకుంటే పగలే బయటికి రండి. అక్కడి నుంచి నేరుగా ఎన్-2 ఎక్కి, దాని మీదే ఉండండి. ట్రాఫిక్ తప్పించే దగ్గరి దారి అని మ్యాప్ చూపించినా విమానాశ్రయం చుట్టుపక్కల బస్తీల్లోకి తిరగొద్దు. దారి తప్పిన పర్యాటకుల మీద దాడులు జరిగింది ఆ లోపలి రోడ్ల మీదే. ఊరు వదిలేవరకు పెట్రోల్ అవసరం రాకుండా ట్యాంక్ నిండుగా ఉండేలా చూసుకోండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడే రూల్స్ ఏవి?

మొదటిది ఫోర్ వే స్టాప్. సిగ్నల్ లేని కూడలిలో నాలుగు వైపులా స్టాప్ బోర్డు, దాని కింద 4 అంకె. రోడ్డు ఖాళీగా ఉన్నా చక్రాలు పూర్తిగా ఆగాలి. ఎవరు ముందు వచ్చి ఆగారో వాళ్లు ముందు వెళ్తారు, తర్వాత రెండోవారు. హారన్ లేకుండా, చెయ్యి ఊపకుండా, వరుస తప్పకుండా సాగిపోతుంది. మీరు వచ్చినప్పుడు ఆగి ఉన్న కార్లను లెక్కపెట్టుకోండి, అవన్నీ వెళ్లాక మీ వంతు. కరెంటు పోయి సిగ్నళ్లు ఆరిపోయిన కూడలిలోనూ ఇదే పద్ధతి. అక్కడ సిగ్నల్‌ను ‘రోబో’ అంటారు. ‘రెండో రోబో దగ్గర ఎడమకు తిరగండి’ అని ఎవరైనా దారి చెబితే గాబరాపడొద్దు.

రెండోది, ఫ్రీ లెఫ్ట్ లేదు. ఎర్ర లైటు పడితే ఎడమకు తిరిగేవారు కూడా ఆగాలి. విడిగా స్లిప్ రోడ్డు ఉంటేనే దారి ఇచ్చి వెళ్లవచ్చు.

పెద్ద రౌండ్ అబౌట్‌లో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలి. ఊళ్లలోని చిన్న సర్కిళ్లలో ముందు వచ్చినవారే ముందు. హారన్ దాదాపు వాడరు, వాడితే తిట్టినట్టు లెక్క. డిప్పర్ కొట్టడం కూడా మనలా ‘తప్పుకో, నేను వస్తున్నా’ అన్న అర్థంలో వాడొద్దు.

రోడ్డు అంచున ఉన్న పసుపు గీత దేనికి?

ఎన్-2 కేప్‌టౌన్ దాటి కొంత దూరం వెళ్లాక చాలాచోట్ల వెళ్లడానికి ఒక వరుస, రావడానికి ఒక వరుసగా మారిపోతుంది. ఎడమ అంచున పసుపు గీత, దాని అవతల ఒక బండి పట్టేంత చోటు ఉంటాయి. వెనకాల వేగంగా ఎవరైనా వస్తే ముందున్న బండి ఆ గీత దాటి పక్కకు జరిగి దారి ఇస్తుంది. దాటినవారు హజార్డ్ లైట్లు రెండుసార్లు వెలిగిస్తారు, అది థాంక్యూ. దారి ఇచ్చినవారు ఒకసారి హెడ్‌లైట్ కొడితే ఫర్వాలేదని అర్థం.

ఈ మర్యాద చూడముచ్చటగా ఉంటుంది, మీరూ పాటిస్తారు. అయితే జాగ్రత్తగా. పక్కకు జరగడం మర్యాదే తప్ప మీ మీద బలవంతం లేదు. వంపు దగ్గర, గుట్ట ఎక్కేటప్పుడు, వంతెన మీద, ముందు ఏముందో కనపడనప్పుడు జరగొద్దు. ఆ అంచున నడిచి వెళ్లేవారు, సైకిళ్లు, చెడిపోయి ఆగిన లారీ ఉండొచ్చు. కనీసం 150 మీటర్లు ఖాళీగా కనిపిస్తేనే జరిగి, మళ్లీ లోపలికి రండి.

ఓవర్‌టేక్ విషయంలో మాత్రం తొందర పనికిరాదు. ఎదురుగా వచ్చే కారు గంటకు 120 మీద ఉంటుంది, మీరు 110 మీద ఉంటారు. ఇద్దరి మధ్య దూరం సెకనుకు 60 మీటర్లకు పైగా తరుగుతుంది. లారీని దాటడానికి పది సెకన్లు పడితే 600 మీటర్లకు పైగా ఖాళీ కావాలి. మన హైవేల మీద 70, 80 వేగాలకు అలవాటైన కన్ను దీన్ని తక్కువగా అంచనా వేస్తుంది. కొన్ని కిలోమీటర్లకొకసారి ఎక్కుడు దారుల్లో దాటడానికి అదనపు వరుస వస్తుంది, ముందే బోర్డు కనిపిస్తుంది. అప్పటిదాకా లారీ వెనకే ఉండండి. తెగని తెల్లగీత ఉన్నచోట దాటడం నేరం.

వేగ పరిమితి ఎంత? పోలీసులు ఆపితే?

ఊళ్లలో 60, బయటి రోడ్ల మీద 100, ఫ్రీవే మీద 120. బోర్డు వేరే అంకె చూపిస్తే అదే లెక్క. కెమెరాలు చాలా ఉంటాయి. కొన్ని చోట్ల రెండు కెమెరాల మధ్య సగటు వేగం లెక్కిస్తారు కాబట్టి కెమెరా ముందు బ్రేక్ వేసి ప్రయోజనం లేదు. చలానా అద్దె కంపెనీకి వెళ్తుంది, వాళ్లు మీ వివరాలు ఇచ్చినందుకు విడిగా రుసుము కూడా మీ కార్డు నుంచే తీసుకుంటారు.

వెనక సీటువారితో సహా అందరూ బెల్టు పెట్టుకోవాలి. ఫోన్ చేతిలో పట్టుకోవడం నేరం. మూడేళ్లలోపు పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, కారుతోపాటే బుక్ చేయండి. ఆపినప్పుడు లైసెన్స్, పర్మిట్, కారు ఒప్పందం చూపించి నిదానంగా మాట్లాడండి. జరిమానా అంటే కాగితం మీద రాసిమ్మని అడగండి, రోడ్డు మీద చేతికి నగదు ఇవ్వొద్దు.

రాత్రిపూట నడపవచ్చా?

ఊళ్ల మధ్య వద్దు. నైస్నాలో హోటల్ నుంచి భోజనానికి రెండు కిలోమీటర్లు వెళ్లడం వేరే సంగతి. హైవే మీద దీపాలు ఉండవు, చీకటి దుస్తుల్లో నడిచి దాటేవారు, జింకలు, పశువులు 120 వేగంలో కనిపించేసరికే ఆలస్యమవుతుంది. బండి చెడిపోతే సాయం వచ్చేదాకా ఒంటరిగా నిలబడాలి. రోజూ సూర్యాస్తమయానికి గంట ముందు గదికి చేరేలా బయలుదేరే సమయాన్ని వెనక్కి లెక్కపెట్టుకోండి. ఈ ఒక్క నియమం పాటించేవారికి మిగతా జాగ్రత్తల్లో సగం వాటంతట అవే కుదురుతాయి.

పెట్రోల్, టోల్ ఖర్చు ఎంత?

కేప్‌టౌన్ పక్కనున్న కేప్ ద్వీపకల్పం, జార్జ్ నుంచి వెళ్లే ఔట్స్‌హూర్న్ పక్కదారి కలుపుకుంటే మొత్తం 1,400 కిలోమీటర్లు అనుకోండి. లీటరుకు 15, 16 కిలోమీటర్లు ఇచ్చే కారుకు సుమారు 90 లీటర్లు. లీటరు 20 రాండ్లకు (రాండ్ అక్కడి కరెన్సీ) అటూ ఇటూగా లెక్కేస్తే 1,800 రాండ్లు, రాండ్‌కు 5 రూపాయల చొప్పున 9,000 రూపాయల దరిదాపు. పెట్రోల్ ధరను ప్రభుత్వం నెలకోసారి, మొదటి బుధవారం మారుస్తుంది.

బంకులో మనలాగే సిబ్బందే పోస్తారు, అద్దం తుడుస్తారు, టైర్లలో గాలి చూస్తారు. 5 నుంచి 10 రాండ్లు టిప్ ఇవ్వడం ఆనవాయితీ. ‘95 అన్‌లెడెడ్, ఫుల్’ అంటే చాలు. కార్డు తీసుకుంటారు, యంత్రాన్ని మీ దగ్గరికే తెస్తారు, కార్డు చేయి దాటనివ్వొద్దు. టోల్ గేట్లు రెండే గుర్తుంచుకోండి. ఎన్-2 మీద సిట్సికామా దగ్గర ఒకటి, కేప్‌టౌన్ పక్కన చాప్‌మన్స్ పీక్ సముద్రపు ఘాట్ రోడ్డు మీద ఒకటి. ఒక్కోచోట వంద రాండ్లలోపే.

పార్కింగ్‌లో దొంగతనాల గురించి విన్నాం. ఏం చేయాలి?

రిమోట్ జామింగ్ అనే మోసం అక్కడ మామూలు. మీరు రిమోట్ నొక్కే క్షణంలో దగ్గర్లో ఎవరో వేరే రిమోట్‌తో సిగ్నల్‌ను అడ్డుకుంటారు. తాళం పడిందనుకుని మీరు వెళ్లిపోతారు, కారు తెరిచే ఉంటుంది. అద్దం పగలదు కాబట్టి ఇన్సూరెన్స్ దగ్గరా ఇబ్బందే. మందు తేలిక: ప్రతిసారీ నొక్కాక తలుపు పిడి చేత్తో లాగి చూడండి, డిక్కీ కూడా.

సామాను డిక్కీలోకి సర్దేది బయలుదేరే చోట, ఆగిన చోట కాదు. వ్యూ పాయింట్ దగ్గర అందరూ చూస్తుండగా సీటు మీది బ్యాగు డిక్కీలో పెడితే ఎక్కడుందో చెప్పినట్టే. ఊళ్లలో సిగ్నల్ దగ్గర అద్దాలు ఎత్తి, తలుపులు లాక్ చేసి, ఫోన్, హ్యాండ్‌బ్యాగ్ కాళ్ల దగ్గర పెట్టుకోండి.

పసుపు కోటు వేసుకుని కారు చూస్తామని వచ్చేవారిని కార్ గార్డులు అంటారు. జీతం లేకుండా ఈ చిల్లర మీదే బతికేవారు చాలామంది. తిరిగి వెళ్లేటప్పుడు 5, 10 రాండ్లు ఇవ్వండి. అందుకోసం చిల్లర నాణేలు కప్ హోల్డర్‌లో కాకుండా డాష్‌బోర్డు సొరుగులో ఉంచుకోండి.

ఎన్ని రోజులు కావాలి? రోజుకు ఎంత దూరం?

కేప్‌టౌన్‌లో మూడు రాత్రులు పక్కనపెడితే, కారు చేతికొచ్చాక ఏడు రోజులు. అంతకంటే తక్కువైతే రోడ్డే చూస్తారు. మొదటి రోజు హెర్మానస్, సుమారు 120 కిలోమీటర్లు. కారుకు, రోడ్డుకు అలవాటు పడటానికి ఆ దూరం చాలు. రెండో రోజు స్వెలెన్‌డమ్ మీదుగా మోసెల్ బే దాటి విల్డర్‌నెస్, ఇదే అన్నిటికంటే పొడవైన రోజు, సుమారు 360 కిలోమీటర్లు. ఉదయం 8కల్లా బయలుదేరాలి. మోసెల్ బేలో భోజనానికి ఆగండి. 1488లో పోర్చుగీసు నావికుడు బార్తొలొమ్యూ డయాస్ ఒడ్డుకు చేరింది అక్కడే.

విల్డర్‌నెస్‌లో రెండు రాత్రులు ఉండి, మధ్య రోజు ఔట్స్‌హూర్న్ వెళ్లి రావచ్చు. జార్జ్ నుంచి 60 కిలోమీటర్లు, అక్కడి నుంచి మరో 30 కిలోమీటర్లు వెళ్తే క్యాంగో గుహలు. గైడ్‌తోనే లోపలికి పంపుతారు, టికెట్ ముందే తీసుకోవాలి. అడ్వెంచర్ టూర్‌లో పాకుతూ వెళ్లే సన్నటి సందులున్నాయి, ఒళ్లు భారీగా ఉన్నవారు, మోకాళ్ల నొప్పులున్నవారు మామూలు టూర్ తీసుకోండి.

తర్వాత నైస్నా లేదా ప్లెటెన్‌బర్గ్ బే, రెండింటి మధ్య 35 కిలోమీటర్లలోపే దూరం. ఒకచోటే రెండు రాత్రులు ఉండి రెండోది చూడండి. ప్లెటెన్‌బర్గ్ బే పక్కన రాబర్గ్ ద్వీపకల్పంలో నడక దారులు మూడున్నాయి: 2.1, 5.5, 9.2 కిలోమీటర్లు. మధ్యది ఎంచుకుంటే సీల్ జంతువుల గుంపులూ ఇసుక తిన్నె రెండూ కనిపిస్తాయి, రెండున్నర గంటలు పడుతుంది. చివర సిట్సికామా జాతీయ ఉద్యానం. స్టార్మ్స్ రివర్ నది సముద్రంలో కలిసేచోట 77 మీటర్ల పొడవైన వేలాడే వంతెన దాకా చెక్క మెట్ల దారిలో నడక, రానూ పోనూ గంట. దారిలో బ్లౌక్రాన్స్ వంతెన వస్తుంది, 216 మీటర్ల ఎత్తు నుంచి బంజీ దూకుతుంటారు. దూకకపోయినా చూడటానికి ఆగండి.

అక్కడి నుంచి గెబెర్హా సుమారు 175 కిలోమీటర్లు. కారు అక్కడే ఇచ్చేసి విమానంలో కేప్‌టౌన్ వస్తే వన్ వే రుసుము కట్టాలి, కానీ వచ్చిన దారినే 750 కిలోమీటర్లు తిరిగి నడిపే రెండు రోజులు మిగులుతాయి. ఇంకో రోజు ఉంటే గెబెర్హాకు గంట దూరంలోని ఆడో ఏనుగుల ఉద్యానంలో మీ కారులోనే తిరగవచ్చు. అక్కడ వేగం 40 దాటకూడదు, నిర్ణయించిన చోట తప్ప కారు దిగకూడదు.

మట్టి రోడ్లు, ఘాట్లు నడపవచ్చా?

తారు ఘాట్లు భయపెట్టవు. తిరుమల, అరకు ఘాట్లు నడిపినవారికి జార్జ్, ఔట్స్‌హూర్న్ మధ్య ఉన్న అవుటెనిక్వా పాస్ తేలిక. దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగాలన్న పాత సూత్రమే ఇక్కడా.

ఔట్స్‌హూర్న్‌కు ఉత్తరాన ఉన్న స్వార్ట్‌బర్గ్ పాస్ సంగతి వేరు. థామస్ బెయిన్ కట్టించగా 1888లో తెరిచిన ఈ దారి 1,583 మీటర్ల దాకా ఎక్కుతుంది. అంచు రాళ్లను సున్నం లేకుండా పేర్చి కట్టిన గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, చూసి తీరాల్సిన పనితనం. కానీ అది మట్టి రోడ్డు, వాన పడితే మూసేస్తారు. పొడి రోజైతే మామూలు కారు వెళ్తుంది, కానీ మీ ఒప్పందంలో మట్టి రోడ్డు మీద జరిగే నష్టానికి కవర్ లేకపోతే వెళ్లొద్దు. గులక మీద 40 దాటకండి, గట్టిగా బ్రేక్ వేస్తే చక్రాలు జారతాయి. బదులుగా తారు రోడ్డు మీద మైరింగ్స్‌పూర్ట్ లోయ ఉంది, రెండు వైపులా ముడతలు పడిన ఎర్ర కొండలతో అదీ తక్కువేం కాదు.

సముద్రంలో దిగవచ్చా? కోతుల బెడద ఉంటుందా?

లైఫ్‌గార్డ్‌లున్న బీచ్‌లో, వాళ్లు పాతిన జెండాల మధ్యే దిగండి. విల్డర్‌నెస్ బీచ్ చూడటానికి మెత్తగా ఉంటుంది, లోపలికి లాగే ప్రవాహాలు మాత్రం బలమైనవి. పిల్లలతో ఉంటే అక్కడి మడుగుల్లో ఆడుకోనివ్వండి.

కేప్ ద్వీపకల్పం కొసన ఉన్న కేప్ పాయింట్ వైపు బబూన్లు మన కోతుల కంటే చాలా పెద్దవి, తాళం వేయని కారు తలుపు తీయగలవు. తిండి చూపించొద్దు, అద్దాలు ఎత్తి ఉంచండి, అవి లాక్కుంటే తిరిగి లాక్కోవద్దు.

శాకాహారులకు తిండి, ఫోన్ ఛార్జింగ్?

వంటగది ఉన్న కాటేజీలు ఆ దారంతా దొరుకుతాయి. చెకర్స్, పిక్ ఎన్ పే, స్పార్ దుకాణాల్లో బియ్యం, పప్పు, పెరుగు, కూరగాయలు, మసాలాలు ఉంటాయి. ఒక చిన్న ప్రెజర్ కుక్కర్, ఆవకాయ, పొడులు తీసుకెళ్తే దిగుల్లేదు. ఇంట్లో చేసిన వంటలు, తాజా పండ్లు మాత్రం కస్టమ్స్ దగ్గర తీసేయవచ్చు, సీల్ వేసిన ప్యాకెట్లే పట్టుకెళ్లండి.

ప్లగ్ విషయంలో మనవాళ్లకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. అక్కడి సాకెట్ మన గీజర్‌కు, ఏసీకి ఉండే పెద్ద మూడు పిన్నుల సాకెట్టే, వోల్టేజీ 230. 16 ఆంపియర్ ప్లగ్ ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు ఇక్కడి నుంచే తీసుకెళ్తే ఇంటిల్లిపాదీ ఛార్జర్లన్నీ దానికే పెట్టుకోవచ్చు. సిమ్ విమానాశ్రయంలో పాస్‌పోర్టు చూపించి తీసుకోండి. సిట్సికామా లోయల్లో సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి.

పంక్చర్ అయితే, ప్రమాదం జరిగితే?

పంక్చర్ అయితే నిర్మానుష్యంగా ఉన్నచోట ఆగొద్దు. రిమ్ పాడైనా సరే, హజార్డ్ వేసుకుని నెమ్మదిగా బంకు దాకానో నలుగురున్న చోటి దాకానో వెళ్లండి.

ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే బండ్లు కదపకుండా ముందు ఫోన్ చేయాలి: మొబైల్ నుంచి 112, పోలీసులకు 10111, అంబులెన్స్‌కు 10177. చిన్న గీత పడినా 24 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో నమోదు చేయించి కేసు నంబర్ తీసుకోండి. ఆ నంబర్ లేకపోతే సూపర్ వేవర్ ఉన్నా కంపెనీ ఒప్పుకోదు. అవతలి బండి నంబర్, డ్రైవర్ లైసెన్స్, లైసెన్స్ డిస్క్ ఫొటోలు అక్కడే తీయాలి. డిస్క్ అంటే ముందు అద్దానికి అంటించి ఉండే గుండ్రటి కాగితం.

కారు తిరిగి ఇచ్చేటప్పుడు?

విమానానికి మూడు గంటల ముందు ఇచ్చేలా చూసుకోండి. విమానాశ్రయం దగ్గరి బంకులో ట్యాంక్ నింపి రసీదు దాచండి. నింపకుండా ఇస్తే పెట్రోల్ ధరతోపాటు సేవా రుసుము కూడా వేస్తారు. మొదటి రోజు తీసినట్టే నాలుగు వైపులా వీడియో తీసి, ‘కొత్త నష్టం లేదు’ అన్న కాగితం మీద సంతకం తీసుకునే బయటికి రండి. తాళం డబ్బాలో పడేసి పరుగెత్తితే గీతల లెక్క తర్వాత ఈమెయిల్‌లో వస్తుంది. బ్లాక్ చేసిన డిపాజిట్ వదలడానికి బ్యాంకును బట్టి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చలానాలు ఇంకా ఆలస్యంగా వస్తాయి, అందుకే ఒప్పందం, రసీదులు, రెండు వీడియోలు మూడు నెలలపాటు తీసేయకండి.